నిద్రపోని నార

మా చెల్లెలు అనంతలక్ష్మి నోట్లో నాలుక లేని మనిషని చిన్నప్పుడు మా వీధి వీధంతా అనేది. దాని వాటా నాలుక కూడా నాకే వచ్చిందనేది మా అమ్మ. రెండు మాటల్లోనూ అబద్ధం లేదు. అది పళ్ల డాక్టరీ చదివి, ఆపైన పరిశోధన అంటూ కాలేజీ ల్యాబులో చేరి, ఎలుకలతోనూ గాజు పళ్లేలతోనూ కాపరం పెట్టింది. నేను రాజమండ్రి బస్ కాంప్లెక్సులో విచారణ కౌంటర్లో కూర్చుని పొద్దున్నించి సాయంత్రం దాకా ఊరందరికీ బస్సులు చెబుతాను. అమలాపురం బస్సు ఎక్కడాగుతుందమ్మా, భద్రాచలం బస్సు వెళ్లిపోయిందా, పిల్లాడికి టిక్కెట్టు కొట్టించాలా అక్కర్లేదా, ఇవీ నాకు మనుషులతో ఉన్న మాటలు. నా పేరు సత్యవేణి. ఇన్నేళ్లలో ఆ అద్దానికి అవతలి నించి ఒక్కరూ ఆ పేరు అడిగిన పాపాన పోలేదు.

ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం. పెళ్లిళ్లు ఎందుకు చేసుకోలేదంటారా, అదంతా వేరే గొడవ, ఇక్కడ అక్కర్లేదు. సాయంత్రం అది ల్యాబు నించి వచ్చేసరికి నేను వంటగదిలో ఉంటాను. అప్పుడు మొదలుపెడతాను. ఆ రోజు కౌంటరు దగ్గరికి ఎవరెవరు వచ్చారు, ఏమడిగారు, నేనేమన్నాను, అన్నీ పూసగుచ్చినట్టు చెబుతాను. అది కంచం ముందు కూర్చుని "ఊఁ" అంటుంది. కథ ఎంత పొడుగైనా దాని జవాబు అంతే. నీకన్నా గోడ నయం, చెబితే కాస్త మారుమోగుతుంది అని ఒకసారి దెప్పాను కూడా. దానికీ "ఊఁ" అంది.

నాకు ఎత్తుపళ్లు. నవ్వొస్తే చెయ్యి దానంతటదే నోటికి అడ్డం వెళ్లిపోయేది. కౌంటర్లో మైకు మూతికి అడ్డంగా ఉంటుంది కాబట్టి ఆ ఉద్యోగం నాకు భలే కుదిరింది. తీగలు కట్టించుకుందామంటే రెండేళ్లు ఆ సామానంతా నోట్లో పెట్టుకుని జనానికి బస్సులెలా చెప్పను? ఈ వయసులో ఎందుకులే అని ఊరుకున్నాను. అనంతం ఊరుకోలేదు. అది పళ్లు త్వరగా జరిపే మందు మీద పడింది వాళ్లక్క పళ్ల కోసమేనని ల్యాబులో వాళ్లు అనుకునేవారట. నాతో మాత్రం ఏనాడూ ఆ ముక్క అనలేదు.

ఒక ఆదివారం నేను డాబా మీద నులక మంచం బిగిస్తుంటే వచ్చి పక్కన నిలబడింది. నన్ను మంచం మధ్యలో కూర్చోమంది. కూర్చున్నాను. నా బరువుకి నులక సాగి కిందికి దిగింది.

"పన్ను ఎముకలో మేకులా దిగేసి ఉండదక్కా. ఇదిగో, ఈ నులక మీద నువ్వు కూర్చున్నట్టే ఉంటుంది," అంది.

పంటి వేరుకీ ఎముకకీ మధ్య కాగితం మందాన నార ఉంటుందట. దానికి వాళ్ల పుస్తకాల్లో బారెడు పేరుంది, నాకు నోరు తిరగదు, నారే అంటాను. పన్నుని ఒక పక్కకి నెడితే అటువైపు నార నలుగుతుంది, ఇటువైపు సాగుతుంది. నలిగినవైపు నార ఎముకని కరిగించే కణాల్ని పిలుస్తుంది, సాగినవైపు నార ఎముకని కట్టే కణాల్ని పిలుస్తుంది. అటు గోడ పడగొడుతుంటే ఇటు గోడ లేస్తుంది, మధ్యలో పన్ను మెల్లిగా జరిగిపోతుంది. ఎవరెప్పుడు పనిలోకి దిగాలో చెప్పే మేస్త్రీ ఆ నారేనట. మరి నీ మందేం చేస్తుందే అంటే, ఆ మేస్త్రీ బద్ధకస్తుడు, గంటల తరబడి నెడితేగానీ లేవడు, నా మందు వాణ్ణి నిద్ర లేపుతుంది అంది. అది నాతో ఏకబిగిన అన్ని మాటలు మాట్లాడ్డం అదే మొదలు. నిజం చెప్పాలంటే నాకు మంచి పళ్ల మీద కన్నా ఆ మాటల మీద ఎక్కువ ఆశ పుట్టింది. నోరు తెరిచి కూర్చుంటే ఇంకాస్త మాట్లాడుతుంది కదా అని ఒప్పుకున్నాను.

ఎలుకల్లో ఆ మందు అప్పటికే పని చేసింది. పైవాళ్ల అనుమతులు వచ్చాక మనుషుల్లో మొదటి నోరు నాదే. ల్యాబులో కుర్చీలో కూర్చోబెట్టి, గులాబీ రంగు ముద్ద నోట్లో కుక్కి పళ్ల అచ్చు తీసింది. అందులో సుద్ద పోసి ఆరబెడితే నా పళ్లు నా ఎదురుగా బల్ల మీదికొచ్చి కూర్చున్నాయి. ఇంత ఎత్తా అని నాకే సిగ్గేసింది. చిగుళ్లకి మందు రాసి, పళ్లకి సన్నటి తీగ కట్టింది. వారం వారం కొత్త అచ్చు తీసి అలమరలో వరసగా పేర్చేది. వరస పెరిగేకొద్దీ పళ్లు లోపలికి జరిగాయి. మామిడి పిందెలప్పుడు కట్టిన తీగ ఆవకాయ జాడీలెక్కేసరికి తీసేసింది. రెండేళ్ల పని, ఒక్క మామిడికాయల కాలంలో అయిపోయింది.

కొత్తావకాయ అన్నంలో టెంక కొరికితే ఆ టక్కుమనడం పంటి మొదలుదాకా తెలిసింది. నార మేలుకుని ఉందిగా, అన్నంలో మెతుకు మెతుకూ తెలిసేది. అద్దం ముందు చేతులు వెనక్కి కట్టుకుని నవ్వాను. కౌంటర్లో మైకు పక్కకి జరిపి కూర్చున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. అయినా నాకు పండగే.

అక్కడితో అయిపోతే చెప్పడానికేముంది? పని అయ్యాక నార మళ్లీ నిద్రపోవాలి. పోలేదు. చెంప కింద చెయ్యి పెట్టుకుని కుడివైపు తిరిగి పడుకుంటే పొద్దున్నకి కుడివైపు పళ్లు లోపలికి ఒరిగి ఉండేవి. జాకెట్టుకి హుక్కు కుట్టుకుంటూ దారం పంటితో తెంపితే ఆ రెండు పళ్ల మధ్య సందు పడింది. నిద్రపట్టని మేస్త్రీకి చీమ కుట్టినా పనే. నాకు భయమేసింది. అయితే పొద్దున ఒరిగిన పన్ను సాయంత్రం నేను డ్యూటీ దిగి వచ్చేసరికి చాలావరకు దారికొచ్చేసేది. ఎందుకొస్తోందో నేనూ ఆలోచించలేదు, అంత చదువుకున్న అదీ ఆలోచించలేదు. కీడు మీద ఉన్నంత చూపు మంచి మీద ఎవరికుంటుంది లెండి.

విషయం అనంతానికి చెప్పాను. దాని మొహం పాలిపోయింది. మర్నాడు ఎన్నడూ లేనిది పొద్దుండగానే ఇంటికొచ్చింది. భుజాన సంచీతో వంటగది గుమ్మంలో అలాగే నిలబడింది. నేను కాకరకాయలు తరుగుతూ ఆ రోజు గోకవరం బస్సులో మేకని ఎక్కించిన పెద్దాయన సంగతి అందుకున్నాను. కండక్టరు మేకని దింపెయ్యమన్నాడు. ఆయన మేకకీ టిక్కెట్టు కొట్టమన్నాడు. ఇద్దరూ తగువు తీర్చమని నా కౌంటరు దగ్గరికొచ్చారు, మేకతో సహా. మంచి రసవత్తరమైన కథ, తొందరగా తేలేది కాదు. అది చాలాసేపు నిలబడి వింది. ఆఖర్న "ఊఁ" అని గదిలోకి వెళ్లిపోయింది.

ఆ మర్నాటి నించి మూతికి మాస్కు తగిలించుకుని ఇంట్లో కూడా తియ్యడం మానేసింది. ఎలుకల దగ్గర పని, నీకేమన్నా అంటుకుంటుంది అంది. అన్నం కూడా గదిలోకే పట్టుకెళ్లేది. ఒకే ఇంట్లో ఉంటూ నెలల తరబడి సొంత చెల్లెలి నోరు చూడలేదంటే ఎవరు నమ్ముతారు? నాకు జరిగి ఉండకపోతే నేనూ నమ్మేదాన్ని కాదు.

కొన్నాళ్లు అదీ ఇదీ ప్రయత్నించి చివరికి తీర్పు చెప్పింది. విరిగిన ఎముకకి కట్టు కట్టి కదపొద్దంటాం కదా, ఇదీ అంతే, ఏ ఒత్తిడీ తగలకుండా ఉంచితే నార దానంతటదే పడుకుంటుంది. కాబట్టి గంజి, జావ, మజ్జిగ. వెల్లకిలా పడక. చెంపకి చెయ్యి తగలకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, మాట్లాడకూడదు. మాట మాటకీ నాలుక వెళ్లి పళ్లని తోస్తుందట. కార్తీక సోమవారాలు అమ్మమ్మ మౌనవ్రతం పట్టేది కదా, నువ్వూ అలాగే అనుకో అంది. అమ్మమ్మది ఒక్కరోజు మౌనం. మంగళవారం తెల్లారేసరికి మొత్తం తీర్చేసుకునేది, మేం చెవులు మూసుకునేవాళ్లం. నాది ఎన్నాళ్లో చెప్పేవాళ్లు లేరు.

సెలవు పెట్టాను. మా డిపో మేనేజరు ఎలీషా గారు మంచి మనిషి, ఏమీ అనలేదు. కాకపోతే కౌంటరు ఖాళీగా ఉండకూడదని అక్కడ మాట్లాడే యంత్రం పెట్టించారు. సెలవుకి ముందు నన్ను ఒక గదిలో కూర్చోబెట్టి ఊళ్ల పేర్లూ, వేళలూ, అయ్యా అమ్మా అనే పిలుపులూ చదివించి నా గొంతు రికార్డు చేసుకున్నారు. జనం అడిగితే ఇక అదే నా గొంతుతో చెబుతుంది.

మాట్లాడే మనిషి మానేస్తే మాట్లాడని మనిషి మొదలెడుతుందేమో అని లోపల ఒక ఆశ ఉండేది. అదేం లేదు. అనంతం పొద్దున వెళ్లి చీకటి పడ్డాక వచ్చేది. నేను ఎదురుగా కూర్చుంటే తల వంచుకుని గదిలోకి పోయేది. నేను ఫోన్లో రాసి చూపిస్తే తల ఊపేది. పాలబ్బాయి మొదట్లో పలకరించేవాడు, నేను చేతులు తిప్పుతుంటే ఇబ్బందిపడి గిన్నెలో పాలు పోసి పోవడం మొదలెట్టాడు. పక్కింటి వరహాలమ్మ గారు రెండుసార్లు వచ్చి, తన మాటలన్నీ అయిపోయాక నా మొహం చూస్తూ కూర్చోలేక లేచి వెళ్లింది. మళ్లీ రాలేదు. ఆవిడ తప్పేం లేదు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు, అసలు నోరే లేనిదానికి ఊరు ఉందో లేదో కూడా తెలియదు. మధ్యాహ్నాలు వంటగదిలో కూర్చుని కుక్కరు కూత కోసం ఎదురుచూసేదాన్ని. ఇంట్లో ఏదో ఒకటి గొంతెత్తుతుంది కదా అని.

ఉండబట్టలేక ఒకరోజు కాంప్లెక్సుకి వెళ్లాను. నా కౌంటరు ముందు జనంలో నిలబడ్డాను. నా ముందున్నామె రావులపాలెం బస్సు అడిగింది. "మూడో ప్లాట్‌ఫారం మీదికి వస్తుందమ్మా, ఇంకా టైముంది, కూర్చోండి," అని అద్దం వెనక నించి నేను చెప్పాను. అంటే నా గొంతు. అందులో నా విసుగు లేదు, నాకన్నా మర్యాదగా ఉంది. ఆమె వెళ్లి కూర్చుంది. ఎవరికీ ఏ తేడా తెలియలేదు. అక్కడే బెంచీ మీద కూర్చుని ఏడ్చాను. ఏడుపు కూడా బిగపట్టుకునే ఏడవాలి, పెదాలు పళ్లకి ఒత్తుకోకూడదు కదా.

అంత వ్రతం పట్టినా అచ్చులు చూస్తే గుండె జారిపోయేది. అలమరలో ఒక్కో వారం ఒక్కో అచ్చు, ముందుపళ్లు లోపలికి, ఇంకా లోపలికి, ఒకదాని మీద ఒకటి పడిపోతూ వచ్చాయి. ఎక్స్‌రేలో ముందుపళ్ల వెనక ఎముక ఉల్లిపొర మందాన మిగిలింది. నాలుక తగిలితే రెండు పళ్లు ఊగుతున్నాయి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందనే సామెత నా కోసమే పుట్టినట్టుంది. అయినా దాన్ని ఒక్కమాట అనలేకపోయాను. అనడానికి నోరెక్కడిది?

ఒక శనివారం ల్యాబులో నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చేతులు ఒళ్లో పెట్టుకుని నేల చూస్తూ చెప్పింది.

"ఇక నారని చంపెయ్యడమే అక్కా. చంపేస్తే పన్ను ఎముకకి అతుక్కుపోతుంది. ఇక కదలదు. నువ్వు మాట్లాడుకోవచ్చు."

లేకపోతే ఏమవుతుందని రాసి చూపించాను. సంక్రాంతి దాకా ఉండవు అంది. చంపితే ఏం పోతుందని రాశాను. పంటికి తెలివి పోతుంది, టెంక కొరికినా అన్నంలో రాయి తగిలినా ఒకటే, చెక్క మీద చెక్క పెట్టి నొక్కినట్టుంటుంది, చల్లదనం కూడా తెలియదు, ఏమీ ఉండదు అంది. ఇంత వివరంగా ఎలుకలు చెప్పాయా అని రాశాను. అది కిటికీ వైపు చూసింది.

పళ్లు ఊడిపోవడమా, ఉండీ లేనట్టు ఉండడమా. నాకు మిగిలినవి రెండే. నోరు కట్టుకున్నాక రోజు మొత్తంలో నాకేదైనా తెలిసిందంటే ఆ గంజిలో జారే ఒకటో రెండో మెతుకులు, అవి పంటి కింద నలగడం. అదీ పోతే ఇంకేం మిగులుతుంది అనిపించింది. అయినా సరే అన్నాను, అంటే తలూపాను. గోదావరి పుష్కరాలకి కాలేజీ మూసేస్తారు, అవి అయిన మర్నాడే చేసేద్దామనుకున్నాం. పుష్కరాల్లో ల్యాబు ఎలుకల్ని చూసేవాళ్లుండరని అనంతం అక్కడే మకాం పెట్టింది. ఇంట్లో నేనొక్కదాన్ని.

పుష్కరాల మొదటిరోజు పొద్దున్నే ఎలీషా గారు మా గుమ్మంలో నిలబడ్డారు. మనిషి చొక్కా చెమటకి తడిసిపోయింది. యంత్రం చేతులెత్తేసిందట. పాడవలేదు, దానికి జనం మాట అర్థం కావడం లేదు. మామూలు రోజుల్లో ఊరు పేరు చెప్పి అడుగుతారు. పుష్కరాలకి వచ్చినవాళ్లు అలా అడగరు. మా వియ్యపురాలు నిన్న దిగిన రేవుకి పోవాలంటారు, ఆ పచ్చ బస్సు మళ్లీ రాదా అంటారు, మా ఆయన తప్పిపోయాడు ఏ బస్సెక్కి ఉంటాడంటారు. యంత్రం ప్రతివాళ్లకీ మూడో ప్లాట్‌ఫారమే చూపిస్తోందట. కౌంటరు అద్దం అప్పటికే ఎవరో బద్దలుకొట్టారు. మీ ఒంట్లో బాగాలేదని తెలుసు, అయినా అడగడానికి వచ్చాను అన్నారాయన.

నేను కాసేపు ఆలోచించాను. ఎలాగూ పుష్కరాలయ్యాక నార చచ్చేదే. పళ్లూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం. చెప్పులేసుకుని ఆయన వెనకే నడిచాను. అనంతానికి ఫోన్ చెయ్యలేదు. చేస్తే ఆపుతుంది.

మొదట గొంతు పెగల్లేదు. తుప్పుపట్టిన గొళ్లెంలా కిర్రుమంది. ఆ తర్వాత ఇక చూసుకోండి. వాన పడ్డాక గోదారి ఎలా వస్తుందో అలా వచ్చింది. పొద్దున్నించి దీపాలు పెట్టేదాకా మాట్లాడాను. తిట్టాను, బుజ్జగించాను, తప్పిపోయిన ముసలాయన్ని మైకులో ఆరుసార్లు పిలిచి పెళ్లానికి అప్పగించాను. ఆవిడ ఆయన్ని తిడుతుంటే నేనూ ఓ చెయ్యి వేశాను. మధ్యలో పులిహోర పొట్లం విప్పుకుని తింటూ కూడా చెప్పాను. పుష్కరాలన్నాళ్లూ అంతే. అద్దం లేకపోవడంతో జనం మొహాలు మూరెడు దూరంలో ఉండేవి. అప్పుడూ నా పేరెవరూ అడగలేదు. అయినా ఎంత సుఖంగా ఉందో చెప్పలేను. నోట్లో ఏం జరుగుతోందో అద్దంలో చూసుకోవడానికి భయమేసి చూసుకోలేదు.

ఆఖరి స్నానాలయ్యాయి, బస్సులు ఖాళీ అయ్యాయి. మర్నాడు ల్యాబుకి వెళ్లి కుర్చీలో కూర్చుని నోరు తెరిచాను. అనంతం నోట్లోకి చూసి, వెళ్లి ముద్ద కలుపుకొచ్చింది. అచ్చు తీసింది. సుద్ద ఆరాక పాత అచ్చు పక్కన పెట్టింది. ముద్ద సరిగా కలవలేదేమోనని మళ్లీ కలిపి మళ్లీ తీసింది. కొత్తవి రెండూ ఒకేలా ఉన్నాయి. ముందుపళ్లు ముందుకొచ్చి, వరసలో నిలబడి ఉన్నాయి. తీగ తీసేసిన రోజు అచ్చుకీ దీనికీ పెద్ద తేడా లేదు.

"ఏం చేశావు?" అంది.

"మాట్లాడాను," అన్నాను.

రెండు అచ్చులూ రెండు చేతుల్లో పట్టుకుని అది ఆ నేల మీదే చతికిలబడింది. మెల్లిగా దాని నోట్లోంచి అసలు సంగతి వచ్చింది. బయటి నించి పెదాలు పళ్లని ఎప్పుడూ లోపలికి నెడుతూనే ఉంటాయి. లోపలి నించి నాలుక బయటికి నెట్టాలి. మామూలు నార ఇంత చిన్న తోపుల్ని లెక్కచెయ్యదు, కానీ నాది మేలుకున్న నార, ప్రతి తోపూ దానికి హుకుమే. నేను రోజంతా మాట్లాడినన్నాళ్లూ నాలుక తన వంతు తోసింది, పళ్లు మధ్యలో నిలబడ్డాయి. పొద్దున ఒరిగిన పన్ను సాయంత్రానికి దారికొచ్చింది కౌంటరు వల్లే. నోరు మూయించి మనమే పెదాలకి పెత్తనం ఇచ్చేశాం. విరిగిన ఎముక లెక్క దీనికి కట్టడమే పొరపాటు. ఇదంతా చెబుతుంటే దాని కళ్లల్లోంచి నీళ్లు మాస్కులోకి కారుతున్నాయి.

ఏడుస్తావెందుకే, పళ్లు దక్కాయిగా అన్నాను. అప్పుడు మాస్కు తీసింది.

నేను చూసిన నోరు నా చెల్లెలిది కాదు. పైపళ్లు లోపలికి కూలిపోయి ఒకదాన్నొకటి తొక్కుకుంటున్నాయి. పెదవి ముసలమ్మ పెదవిలా లోపలికి పోయింది. కిందపళ్లు నాలుగు మాత్రం వంకరగా ఉన్నచోటే బిగిసిపోయి, రంగు మారి ఉన్నాయి. వాటికి నార లేదు. చంపితే ఎలా ఉంటుందో ముందు తన నోట్లోనే చంపి చూసుకుంది. చెక్క మీద చెక్క అని చెప్పింది ఎలుకలు కాదు.

"నీ పళ్లు ఒరిగాక, ఇక ఏ వైద్యమైనా ముందు నాకే చేసుకోవాలనుకున్నాను," అంది.

నా నోటికి కనీసం పుష్కరాలొచ్చాయి. దానికి ఎవరొచ్చారు? ఎలుకలూ గాజు పళ్లేలూ. ఇంటికొస్తే నేను. నా ఎదురుగా అది అన్నన్ని సాయంత్రాలు కూర్చుని "ఊఁ" అంది. ఊఁ అనడానికి నాలుక పళ్లకి తగలక్కర్లేదు, పెదాలు విప్పక్కర్లేదు.

ఆ మందు మరొకరికి వెయ్యకూడదని అది పైవాళ్లకి రాసేసింది, పరిశోధన ఆగింది. నార మటుకు మా ఇద్దరికీ ఈ జన్మకి నిద్రపోయేలా లేదు. నాకు కౌంటరు ఉంది. దానికి మిగిలిన పైపళ్లు నిలబడాలంటే రోజూ మాట్లాడాలి, గొణుక్కుంటే చాలదు, నోరారా మాట్లాడాలి. అది కొరివితో తల గోక్కోమన్నా గోక్కుంటుంది గానీ మాట్లాడమంటే ఎలా? మొదట్లో పేపరు పైకి చదివింది. తర్వాత మందు సీసాల మీద రాతలు చదివింది. నా దగ్గర బస్సుల పట్టిక ఉంటే అదీ చదివేసింది. నేను పక్కన కూర్చుని, రాజోలు వయా ఏమిటో తప్పు చదివావే అని అందుకునేదాన్ని. నేను అందుకోగానే అది ఆగిపోయేది. ఇక ఆ పూటకి అంతే. నాలుగైదు సార్లు అలా అయ్యాక తెలిసింది, దానికి మాటలు లేక కాదు, సందు లేక.

అప్పటి నించి వంతులు పెట్టుకున్నాం. ఒక పూట నాది, ఒక పూట దానిది. దాని వంతప్పుడు నేను నోరు మెదపకూడదు. మౌనవ్రతం కన్నా ఇదే కష్టం, నమ్మండి. అది ఒక మాట అని, చాలాసేపు ఆగి, రెండో మాట అంటుంది. మధ్యలో ఆ ఖాళీ ఉందే, దాన్ని పూడ్చకుండా కూర్చోవడం నా వల్ల కాదనుకున్నాను. అది ఎంతసేపు మాట్లాడితే అంతసేపు నా పళ్లు కాస్త లోపలికి వస్తాయి, మర్నాడు కౌంటర్లో సర్దుకుంటాయి. రానీ అనుకున్నాను.

నిన్న సాయంత్రం కాకరకాయలు తరుగుతున్నాను. అది వచ్చి గుమ్మంలో నిలబడింది. భుజాన సంచీ. మాస్కు లేదు. దాని వంతు.

"ఆ గోకవరం మేక సంగతి చెప్పావు చూడు," అంది.

నేను కత్తిపీట మీద చెయ్యి ఆపాను.

"ఆ రోజు పొద్దున నేను మందు వేసుకున్నాను. నీ ఒక్కదానికే అయిందని నువ్వు భయపడకూడదని. అది చెబుదామనే తొందరగా ఇంటికొచ్చాను." చాలాసేపు ఆగింది. "నువ్వు మాట్లాడుతున్నావు. ఆ మేక కథ అయిపోయాక చెబుదామనుకున్నాను. అది అయ్యాక ఇంకొకటి మొదలెట్టావు."

నా నోటి దాకా వంద మాటలు వచ్చాయి. ఒక్క కేక వేసి ఆపకపోయావా అని, నాకేం తెలుసే తల్లీ అని, క్షమించవే అని. నాలుకని పళ్ల వెనక గట్టిగా ఆనించి పట్టుకున్నాను. అది గుమ్మానికి ఆనుకుని, సంచీ కింద పెట్టి, ఇంకా ఏదో చెప్పడానికి మాటలు వెతుక్కుంటోంది.

"ఊఁ," అన్నాను.